కొస చిరిగిన కార్డు

పోస్టాఫీసంటే ఇత్తడి కమ్మీల కిటికీలు, వాటి ముందు బారులు తీరిన జనం అనుకునేవాళ్లు మా రేగుమడుగు రాకుండా ఉంటేనే మంచిది. వస్తే వాళ్లు నవ్వుతారు, నాకు ఒళ్లు మండుతుంది. మా ఇంటి అరుగు మీద ఒక బల్ల, బల్ల మీద తేదీ ముద్ర, సిరా మెత్త, గోడకు ఎర్ర డబ్బా. అంతే మా బ్రాంచి పోస్టాఫీసు. బల్లకు అవతలి పక్క ఉప్పు, చింతపండు, కిరసనాయిలు అమ్ముతాను. ఇటు తిరిగితే పోస్టుమాస్టర్ని, అటు తిరిగితే కిరాణా కొట్టు చెంచురామయ్యని. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి బండి కట్టుకుని వచ్చి ఈ అడవి అంచున పొలం కొన్నాడు. "అడవి దగ్గరైతే వానలు బాగా పడతాయిరా" అన్నాడట. వానల సంగతి చెప్పాడు గాని పిట్టల సంగతి చెప్పలేదు. జొన్న కంకి పాలు పోసుకుంటే చాలు, అడవిలో ఉన్న రెక్కల జాతంతా మా చేలోనే విందు. అందుకే పిట్టలంటే నాకు మొదటి నుంచీ పడదు. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే ఇందులో పిట్ట ఉంది.

ఇది నా కథ కాదు లెండి. నా కథలో ఏముంది, కూర్చున్నాను, ముద్ర కొట్టాను. నడిచిందంతా ద్వాలి.

మా ఊరికీ అడవికీ నడుమ బిచ్యాతండా ఉంది. ద్వాలిది ఆ తండా. ఆమె భర్త భీమ్లా మా పోస్టాఫీసు మెయిల్ క్యారియరు. పొద్దున్నే సంచి భుజాన వేసుకుని అడవి దారి పట్టి, వాగు దగ్గరి గూడేల దాకా ఉత్తరాలు పంచి, అక్కడివి పోగేసుకుని సాయంత్రానికి దిగేవాడు. మాట తక్కువ మనిషి. పందొమ్మిది వందల ఎనభై మూడు వానాకాలంలో జ్వరం వచ్చింది. మామూలు చలిజ్వరమే అనుకున్నారు. అది తలకెక్కింది. తండావాళ్లు ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయారు. పిల్లల్ని వదిలి పోలేక ద్వాలి ఇక్కడే ఉండిపోయింది. భీమ్లా తిరిగి రాలేదు.

సంచి మా అరుగు మీద మేకుకు వేలాడింది. ఉత్తరాలు బల్ల మీద పేరుకున్నాయి. నేను పోదామంటే నా మోకాళ్లు ఒప్పుకోవు. పైవాళ్లకు రాసి కూర్చున్నాను. దినాలు అయిపోయిన మర్నాడు ద్వాలి వచ్చి అరుగు కింద నిలబడింది. మోచేతుల పైన ఎప్పుడూ నిండుగా ఉండే తెల్ల గాజులు లేవు.

"సంచి ఏడున్నది, పోస్టు సారూ?"

"ఎందుకమ్మా?"

"ఎందుకేంది? ఉత్తరాలు మీ బల్ల మీద మొలకలెత్తుతున్నయ్. దారి నాకెరికే. ఆయనకు సద్ది గట్టుకొని నేను పోలేదా ఏంది?"

సంచి తీసి ఇచ్చాను. ఆమె దాన్ని భుజాన వేసుకోలేదు. కొంగు చుట్టి కుదురు చేసి తల మీద పెట్టుకుని, సంచి ఎత్తి పట్టమని మా ఆవిడ ఆదెమ్మను పిలిచింది. ఆ రోజు నుంచి అదే పద్ధతి. పొద్దున్నే ఆదెమ్మ సంచి ఎత్తి పట్టాలి, ద్వాలి వెనక్కి చూడకుండా పోవాలి. నాలుగో తరగతితో ఆపిన చదువు గనక చిరునామాలు కూడబలుక్కుని చదివేది. చదవలేనివి నన్ను అడిగేది. నేను పైకి రాసి, "బదులు మనిషి" అని ఆమె పేరు ఎక్కించాను. బదులంటే అంతే, ఎవరైనా ఎప్పుడైనా తీసేయవచ్చు.

తీసేయాలని చూసినవాడు బయటివాడు కాదు, భీమ్లా తమ్ముడు హేమ్లా. చెడ్డవాడు కాదు. వెదురు లారీల మీద లోడింగు పనికి పోయేవాడు, ఒళ్లు విరిగే పని అది. అన్న ఉద్యోగం తమ్ముడికి రావడం న్యాయమని వాడి లెక్క. "ఆడమనిషి అడవిల టపా మోసుడేంది సారూ? రేపు ఎలుగుబంటి అడ్డమొస్తే ఎవ్వలు జవాబుదారి?" అనేవాడు. ఖమ్మం నుంచి ఇన్స్పెక్టరు వేసవిలో వచ్చి ఎవరిని ఖాయం చేయాలో తేలుస్తానని కాగితం పంపాడు. ఆ కాగితం వచ్చిన నాటి నుంచి వదినా మరుదుల మధ్య మాట లేదు. సంచి పోతే ద్వాలికి ఇంకో ఆధారం లేదు. కూలికి పోవచ్చు, కానీ కూలిపనికి పోయే ద్వాలి వేరు, సంచి ఎత్తుకున్న ద్వాలి వేరు. ఆ తేడా ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇక పిట్ట సంగతి. ఆ ఏడాది చలికాలం చివర్లో ఒక కాలేజీ వాళ్లు అడవిలో పాడుపడ్డ పాత బంగళాకు సున్నం కొట్టించి, దానికి పరిశోధన కేంద్రమని బోర్డు తగిలించారు. కేంద్రమంతా కలిపి ఇద్దరే మనుషులు. వాగు ఒడ్డున బంగళాలో ఉండేది ప్రమీలారాణి గారు, మధిర అమ్మాయి. గుట్ట మీద తడికెల గుడిసె వేసుకున్నది వెంకటరామారావు గారు. ఊళ్లో వాళ్లకు ఆ పేర్లు నోరు తిరగక, బంగళా మేడం, గుట్ట సారు అన్నారు. ఇద్దరి పనీ ఒకటే, ముక్కు మీద ఇంకో ముక్కు మొలిచినట్టుండే ఒక బూడిదరంగు పిట్టను చూడటం. మేం కొమ్ముపిట్ట అని సరిపెట్టుకున్నాం. ఆమెకు వాగు దగ్గర ఒక గూడు, ఆయనకు గుట్ట మీద ఒక గూడు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా ఆ చెట్టుకేసి చూస్తూ కూర్చోవాలట. లేచి పోకూడదట. దీనికి జీతం ఇస్తారని తెలిసినప్పుడు నేను ఎంఏ చదవనందుకు మొదటిసారి బాధపడ్డాను.

లేచి పోకూడదు గనక ఇద్దరూ ఉత్తరాలు రాసుకునేవాళ్లు. ద్వాలి పొద్దున బంగళా మీదుగా గుట్ట ఎక్కేది, సాయంత్రం గుట్ట దిగి మళ్లీ బంగళా మీదుగానే వచ్చేది. గుట్ట సారు దారి పక్క చెట్టుకు ఒక రేకు డబ్బా కొట్టి, రాసిన కార్డు అందులో వేసేవాడు. మొదటి వారం ఆయన అన్నాడట, "దారిలోనే కదమ్మా బంగళా, మేడంగారికి ఇచ్చేసి పో" అని.

"ముద్ర పడకుంట ఎట్లిస్త సారూ? ముద్ర పడితే ఉత్తరం. లేకుంటే చాడీ."

అలా గుట్ట మీది కార్డు బంగళా గుమ్మం ముందు నుంచే రేగుమడుగు వచ్చి, నా ముద్ర వేయించుకుని, మర్నాడు పొద్దున వెనక్కి నడిచి బంగళాకు చేరేది. మేడంగారు వాకిట్లోకి వచ్చి "ఉందా?" అని అడిగేది. "ఉన్నది, రేపిస్త" అని ద్వాలి సాగిపోయేది. ఇద్దరు చదువుకున్నవాళ్లు ఆ పద్ధతికి నోరెత్తలేదు. ద్వాలి ముందు ఎవరూ నోరెత్తరు.

గుట్ట సారు పిసినారి, ఎప్పుడూ కార్డే రాస్తాడు. కార్డు మీద రాసింది చదవకుండా ఉండటానికి నేనేమన్నా సన్యాసినా? చదివేవాణ్ని. ద్వాలి అడిగితే పైకి చదివేవాణ్ని. పక్కన ఉప్పు కొనుక్కునేవాళ్లు వినేవాళ్లు. నెల తిరిగేసరికి ఊరంతా కొమ్ముపిట్ట కబుర్లే. పెంటిపిట్ట చెట్టు తొర్రలోకి దూరి, తన రెట్టతోనే గుమ్మం మూసేసుకుంటుందట. ముక్కు కొస పట్టేంత సందు వదులుతుందట. లోపలే గుడ్లు పెట్టి, ఈకలు రాల్చుకుని కూర్చుంటుంది. మగపిట్ట మేడిపండ్లు, పురుగులు తెచ్చి ఆ సందులోంచి నోటికందించాలి. అన్నాళ్లూ ఆమెకు బయటి లోకం లేదు.

"బాలింతను గట్లనే సూసుకోవాలె" అని ద్వాలి మెచ్చుకుంది. మా ఆదెమ్మ నాకేసి చూసింది. నేను చింతపండు తూచుకున్నాను.

ఆ ఇద్దరికీ ఉత్తరాల్లోనే ఒక పేచీ. మగది రాకపోతే లోపలున్నది ఏం చేస్తుంది? ఈకలు లేక, పిల్లల్ని వదల్లేక అక్కడే మాడిపోతుందని గుట్ట సారు వాదం. గోడ బద్దలుకొట్టుకుని వస్తుందని మేడం వాదం. కార్డు వెనక కార్డు. ఊరు కూడా రెండుగా చీలింది. నేను గుట్ట సారు పక్షం. పిట్టకు అంత తెలివుంటే నా జొన్నచేలోకి వచ్చి దెబ్బలు తినదు కదా. ద్వాలి మాత్రం ఏ పక్షమూ చెప్పలేదు. ఈ పేచీ కార్డులు చదివినప్పుడు మాత్రం సంచి ఎత్తి పట్టమని ఆదెమ్మను తొందర పెట్టేది.

మే నెలలో మిరపకాయల బస్తాలతో నేను ఖమ్మం యార్డుకు పోయాను. నేను లేని ఆ మూడు రోజుల్లో జరిగింది మా ఆవిడా, ద్వాలీ, తర్వాత మేడంగారూ తలా ఒక ముక్క చెబితే తెలిసింది.

ఆ సాయంత్రం ద్వాలి గుట్ట మీది రేకు డబ్బా తెరిచేసరికి కార్డు ఒక కొస చిరిగి ఉంది. కొస చిరిగిన కార్డంటే ఏమిటో మన వైపు పిల్లలకూ తెలుసు. పెళ్లి కబురుకు నాలుగు మూలలా పసుపు, చావు కబురుకు కొస చింపడం. అలాంటి కార్డు గడప దాటి లోపలికి రాదు, బయటే చదివి, చింపి పారేసి, తల మీద నీళ్లు పోసుకుని ఇంట్లోకి పోవాలి. ఎవరి పేరున వచ్చిందో ఆ మనిషి తప్ప ఇంకొకరు దాన్ని చదవరు. ద్వాలి దాన్ని తిప్పి చూడనైనా చూడకుండా సంచిలో వేసింది. గుట్ట సారు గూడున్న చెట్టు దగ్గరెక్కడో కూర్చుని ఉన్నాడు, కంటబడలేదు. ముందు రోజే మధిర ముద్రతో ఆయనకో కవరు తెచ్చి ఇచ్చింది తనే. మేడంగారి నాన్న వెంకటప్పయ్య గారు మధిరలో గుండెజబ్బుతో ఉన్నారని మా అందరికీ తెలుసు. ద్వాలి రెండూ రెండూ కలిపింది. కూతురికి తిన్నగా రాయలేక ఇంటివాళ్లు సారుకు రాశారు, సారు కొస చింపి పంపాడు అనుకుంది. ఆ సాయంత్రం బంగళా ముందు మేడం "ఉందా?" అని అడిగితే, తలెత్తకుండా "రేపిస్త" అని వచ్చేసింది.

పొద్దున్నే ఆదెమ్మ ఆ కార్డును ఇంట్లోకి రానివ్వలేదు. ముద్రా, సిరా మెత్తా అరుగు చివరికి తెచ్చి, అక్కడే కొట్టింది. ముద్ర కొట్టడం, అప్పడాలు వత్తడం మా ఆవిడకు ఒకటే. కొట్టి, బావి దగ్గరికి పోయి తల మీద నీళ్లు పోసుకుంది. ఇద్దరిలో ఒక్కరు ఆ కార్డు తిప్పి చదివినా కథ అక్కడితో అయిపోయేది. చదవలేదు. పద్ధతి పద్ధతే.

"జల్దీ పో, పాపం ఆ పిల్లకు ఇచ్చిరా" అంది ఆదెమ్మ.

"ఎట్లిస్తనక్కా?" అంది ద్వాలి. "ఒక్కతే ఉంటది ఆడ. నాకెట్ల తెల్సిందో ఎరికేనా? రోడ్డు పక్క పత్తి చేన్ల కలుపు తీస్తున్న. పోయే లారీ మీదికెల్లి ఎవలో అరిచిండ్రు, భీమ్లా పోయిండు అని. లారీ ఆగలే. ఆ చేన్ల నేనొక్కదాన్నే. గట్ల ఎవ్వలకు చెప్పొద్దు."

అని, తిన్నగా బంగళాకు పోకుండా తండాలో ఆగింది. గోరి, బాలి, ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్లను పోగేసింది. జొన్నరొట్టెలు చేయించింది, పప్పు వండించింది. దుఃఖం మీద పడ్డాక ఎవరూ తినరు కాబట్టి ముందే తినిపించాలని ఆమె ఆలోచన. అన్నీ అయి, అందరూ కదిలి బంగళా చేరేసరికి పొద్దు వాలింది.

మేడంగారు చెట్టు ముందు కుర్చీలో ఉంది. అద్దాల పైటలు వేసుకున్న ఆడవాళ్లు వరసగా రావడం చూసి పండగేమో అనుకుందట. రొట్టెలు పెట్టారు. ఆకలి మీద ఉందేమో, చక్కగా తింది. ఒకామె నీళ్లిచ్చింది, ఒకామె తల నిమిరింది, గోరి అప్పుడే ముక్కు చీదడం మొదలుపెట్టింది.

"ఏమైందమ్మా? ఎందుకు ఏడుస్తున్నారు?"

ద్వాలి ఆమె పక్కన నేల మీద కూర్చుని, చెయ్యి పట్టుకుని కార్డు ఇచ్చింది. కొస చూసి మేడంగారి మొహం తెల్లబోయింది. మధిర అమ్మాయే కదా, ఆమెకు మాత్రం తెలియదా. తిప్పి చదివింది. చదివి పెద్దగా ఊపిరి వదిలింది. మళ్లీ చదివి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నాన్న కాదు. మగపిట్ట చచ్చిపోయిందట, ద్వాలీ. గద్ద కొట్టినట్టుందట. చెట్టు కింద దొరికిందట. లోపల తల్లి, పిల్లలు ఉన్నాయి. వెంటనే రమ్మని రాశారు."

ఆడవాళ్లు మొహాలు చూసుకున్నారు. బాలి ఫక్కున నవ్వింది. పిట్ట కోసమా ఇంత పప్పు వండింది అని అందరూ నవ్వారు. ద్వాలి నవ్వలేదు.

"మగడు పోయిండు గద మేడం. లోపలున్న ఆమెకు ఎవలు చెప్పిండ్రు?"

మర్నాడు పొద్దున ద్వాలీ, మేడంగారూ కలిసి గుట్ట ఎక్కారు. గుడిసె ముందు ఆకుల మీద మగపిట్ట పడుకోబెట్టి ఉంది. దాని కాలికి దారంతో ఒక కాగితం ముక్క కట్టి ఉంది, తేదీ, చోటు రాసి. చీటీలకు కాగితం అయిపోతే, చేతిలో ఉన్న కార్డు కొస చింపి రాశాడట ఆ మహానుభావుడు. ద్వాలి ఆ ముక్కను తిప్పి తిప్పి చూసిందట. మధిర కవరు సంగతి అడిగితే, అది కళ్లద్దాల షాపువాడిదట, అద్దాలు తయారయ్యాయి వచ్చి తీసుకుపొమ్మని.

నల్లమద్ది చెట్టు తొర్రలో గోడ సందులోంచి ముక్కు కొస బయటికొస్తోంది, ఆగుతోంది, లోపలికి పోతోంది.

"నాలుగు పండ్లు పెట్టరాదా సారూ? నిచ్చెన ఉన్నది గద."

"పెట్టకూడదు ద్వాలీ. మనం చెయ్యి పెడితే ఇక ఏం తెలుసుకున్నట్టు? చూడటమే మా పని" అన్నాడు ఆయన. ఆయన మొహం కూడా పీక్కుపోయి ఉంది.

"గిదేం సదువు సారూ" అంది ద్వాలి. మేడంగారు తల తిప్పుకుంది, ఆమెదీ అదే చదువు కదా. ద్వాలి సంచి పక్కన పెట్టుకుని ఆ చెట్టు కిందే కూలబడింది. ఆ రోజు కూడా గూడేల టపా గూడేలకు చేరలేదు.

నేను ఖమ్మం నుంచి వచ్చేసరికి ఇదంతా ఊరి నోట్లో పడి నానుతోంది. హేమ్లా ఎవరి చేతనో అర్జీ రాయించాడు. కార్డును ఒక పూట దాచింది, తండాలో వంటలు చేయించింది, రెండు రోజులు గూడేల టపా ఎగ్గొట్టింది అని. ఒక్క అబద్ధం లేదు అందులో, అదే నా కడుపుమంట. అబద్ధమైతే నేనే తేల్చేవాణ్ని. మేడంగారు తన గూడును వదిలి ఉండలేక బంగళాకు తిరిగొచ్చింది. ద్వాలి మాత్రం రోజూ సంచి ఎత్తుకుని పోతోంది, గుట్ట మీద ఏమైందని అడిగితే "ముక్కు ఇంక బయటికొస్తనే ఉన్నది" అని చెబుతోంది. ఉత్తరాలు రాలేదు. రాయడానికి గుట్ట సారుకు చేతులు వచ్చినట్టు లేవు. గుట్ట సారు పక్షాన ఉన్న నేను మెల్లగా పక్షం మార్చాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ వారంలోనే ఇన్స్పెక్టరు దిగాడు. సన్నగా, పొడుగ్గా, చెమట తుడుచుకుంటూ మా అరుగు మీద కుర్చీలో కూర్చున్నాడు. హేమ్లా ఒక పక్క, ద్వాలి ఒక పక్క. మేడంగారిని కూడా పిలిపించాడు. ముందు రోజు సాయంత్రం ద్వాలి తెచ్చిన సంచి ఇంకా విప్పలేదు, గుట్ట సారుకు పోవలసిన ఉల్లిగడ్డల మూట కూడా దానికే కట్టి ఉంది. ఇన్స్పెక్టరు కన్ను ముందు దాని మీదే పడింది.

"పోస్టుమాస్టర్ గారూ, ఈ ఉల్లిగడ్డలు ఏ పిన్‌కోడ్‌కి పోతున్నాయి?"

నేను దగ్గాను. ఆయన సంచి విప్పించాడు. లోపల ఒకే ఒక్క కార్డు. నాలుగు మూలలా పసుపు. పట్టుకున్న ఆయన వేళ్లకూ అంటుకుంది.

"ఇదేంటి, సర్కారు కార్డు మీద పసుపు? పెళ్లా?"

"మేడం పేరు మీదున్నది సార్" అంది ద్వాలి. రాత్రంతా దాచుకున్న నవ్వు ఆమె మొహం మీద ఇంకా ఉంది. మేడంగారు చెయ్యి చాచింది. ఇన్స్పెక్టరు కార్డు ఇవ్వబోయాడు.

"ముద్ర పడలే సార్!"

ఇన్స్పెక్టరు ద్వాలికేసి చూశాడు. నేను కార్డు తీసుకుని ముద్ర కొట్టాను, నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ కొట్టలేదు. ద్వాలి దాన్ని అందుకుని మేడంగారికి ఇచ్చింది. మేడంగారు పైకే చదివింది.

"మీరు గెలిచారు. ఈ పొద్దున గోడ పగలగొట్టుకుని బయటికి వచ్చింది. ఈకలు పూర్తిగా రాలేదు, ఎగరడం సరిగ్గా రాదు. కొమ్మ మీద కాసేపు కూర్చుని, దగ్గర్లోని మేడిచెట్టుకు పోయింది. లోపల పిల్లలు గోడ మళ్లీ కట్టుకుంటున్నాయి. మధ్యాహ్నానికి తల్లే పండ్లు తెచ్చి సందులోంచి పెట్టింది. ద్వాలికి చెప్పండి. పసుపు కూరల్లోది, ఎక్కువైతే క్షమించండి."

మా ఆదెమ్మ లోపలి నుంచే చప్పట్లు కొట్టింది. నాకు జొన్నచేలు పోతే పోయాయి అనిపించింది, ఆ ఒక్క క్షణానికి.

ఇన్స్పెక్టరు వేళ్లు రుమాలుకు తుడుచుకున్నాడు. "పిట్ట సంగతి బాగుంది. కార్డు సంగతి చెప్పు. ఆలస్యంగా ఇచ్చావా, లేదా?"

"ఇచ్చిన సార్."

"మళ్లీ అలాంటి కార్డే వస్తే?"

తప్పయింది, మళ్లీ చేయను అంటే చాలు. అంతకన్నా ఆయనకూ ఏమీ అక్కర్లేదని మొహంలోనే తెలుస్తోంది. నేను కనుబొమలతో సైగ చేశాను. ద్వాలి చూసింది. చూసి కూడా అంది.

"మల్లొచ్చినా గట్లనే ఇస్త సార్. ముందుగాల కూసోబెడ్త. నీళ్లు తాపిస్త. పక్కకు ఓ మనిషిని పిలుస్త. గప్పుడిస్త. నా పెనిమిటి కబురు నాకు లారీ మీదికెల్లి అరిచి చెప్పిండ్రు. చేన్ల ఒక్కదాన్నే ఉన్న. గట్ల ఇచ్చుడు నా శాత కాదు. సంచి తీస్కుంటే తీస్కోండ్రి."

అయిపోయింది అనుకున్నాను. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకుంది. ఇన్స్పెక్టరు కలం మూత తీశాడు.

"సార్." హేమ్లా గొంతు అది. వాడు గోడకు ఆనుకుని ఉన్నవాడు ముందుకు వచ్చాడు. "గా లారీ మీద ఉన్నది నేనే సార్."

ఇన్స్పెక్టరు కలం ఆపాడు.

"దవాఖానాల అన్న పానం పోంగనే, తండాకు చెప్పనీకి దొరికిన లారీ ఎక్కిన. చేన్ల వదిన కనబడ్డది. ఆపుమన్న, డ్రైవర్ ఆపలే. ఏం జేయాల్నో తెల్వక అరిచిన. లారీ ఎక్కడ్నో ముందల ఆగింది. దిగినంక వదిన తాన పోదామంటె కాళ్లు రాలే. తండాకే పోయిన." వాడు ద్వాలికేసి తిరిగాడు, తలెత్తలేకపోయాడు. "నేనే, వదినా."

"నాకెరికే" అంది ద్వాలి.

హేమ్లా తలెత్తాడు.

"నీ గొంతు నాకెరిక లేదా? ఏడ్సుకుంట అరిచినవ్. గందుకే ఎన్నడు అడగలే."

వాడు భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అలాగే నిలబడి, "గా అర్జీ నాకొద్దు సార్" అన్నాడు.

ఇన్స్పెక్టరు అర్జీని మడిచి పక్కన పెట్టాడు. ఆలస్యానికి ఆలస్యమే అని ఒక మందలింపు రాశాడు, ద్వాలి చేత సంతకం పెట్టించాడు. తర్వాత నాకేసి చూడకుండానే, "క్యారియరు పేరు ముందున్న ఆ బదులు అనే మాట తీసేసి పంపండి, నేను సంతకం పెడతాను. ఉల్లిగడ్డల మూట మాత్రం సంచికి కట్టకండి" అన్నాడు. మేడంగారు రెండు చేతులూ జోడించింది.

ద్వాలి మూట విప్పి విడిగా చంకకు తగిలించుకుంది. కొంగు చుట్టి కుదురు తల మీద పెట్టుకుంది. ఎప్పటిలాగే సంచి ఎత్తి పట్టడానికి ఆదెమ్మ గడప దాటి వచ్చింది. ద్వాలి చేత్తోనే ఆమెను ఆపి, మరిది వైపు తిరిగింది.

"ఏంది గట్ల చూస్తున్నవ్? ఎత్తు."

హేమ్లా తువ్వాలు నడుముకు చుట్టుకుని, అన్న మోసిన సంచిని రెండు చేతులతో ఎత్తి వదిన తల మీద పెట్టాడు. అది సరిగ్గా కూర్చుందో లేదో చూసేదాకా చేతులు తీయలేదు. ద్వాలి వెనక్కి చూడకుండా అడవి దారి పట్టింది, అప్పటికే టపాకు చాలా ఆలస్యమైంది.